మాకు, మనకు

‘మాకు’ అన్నాడా, ‘మనకు’ అన్నాడా? యెహెజ్కేలు ఈ ప్రశ్న తనకు తానే వేసుకుని, జవాబు అక్కడ దొరుకుతుందన్నట్టు ఎదుటి గాజుగోడలోకి చూశాడు. అక్కడ రన్‌వే లేదు, దాని అవతలి నీళ్ళు లేవు, ఏ ఉదయమైనా అన్నిటికంటే ముందు కనిపించే, ఊరంతా మౌంట్ అని పిలిచే కొండ లేదు. పొగమంచు టౌరంగా విమానాశ్రయాన్ని మింగి, అరిగించుకునే తొందరేమీ లేనట్టు కదలకుండా కూర్చుంది. ఆక్లండ్ నుంచి రావలసిన విమానం రాలేదు. అది వస్తేనే తామిద్దరూ ఎక్కి పోయేది. ఇంతకుముందే సుశీల్ అతని భుజం మీద చెయ్యి వేసి, నాలుగు తరాలు చెరకుతోటల్లో నానిన తన ఫిజీ తెలుగులో, “ఫికర్ చేయకు యెహెజ్కేలూ, ఈ కంచె మాకు మంచిది” అన్నాడు. అని, మోగుతున్న ఫోనును అరచేత్తో కప్పుకుని హాలు ఆ చివరికి నడిచాడు. మాకు. చెవి పట్టుకున్నది ఆ రెండక్షరాలే. మధ్యలో ఒక ‘న’ ఉండి కాఫీ యంత్రం రొదలో రాలిపోయిందా? ‘మనకు’లో ‘న’ రాలితే ‘మకు’ మిగలాలి గాని ‘మాకు’ కాదు కదా. ఆ దీర్ఘం ఎక్కడిది? దీర్ఘం పొరపాటున రాదు. మనిషి ఒక అక్షరాన్ని సాగదీశాడంటే దాని మీద కొంతసేపు నిలబడ్డాడనే అర్థం. లేక అది కూడా తన చెవే సాగదీసిందా?

అప్పుడే అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. చల్లారిన ఫ్లాట్ వైట్ కాఫీని ఇంకా వేడిగా ఉన్నట్టు ఊదాడు. ఇవాళ మధ్యాహ్నం ఆక్లండ్‌లో రెండు సంస్థల పైలట్లు ఒకే హాల్లో కూర్చుంటారు. అతడు పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నది పివాకాలో. విసనకర్రలాంటి తోక ఆడిస్తూ కొమ్మ నుంచి కొమ్మకు గెంతే పిట్ట పేరు పెట్టుకుని, ప్రొపెల్లర్ పంకాల విమానాలతో ఊరికీ ఊరికీ మధ్య తిరిగే చిన్న సంస్థ అది. సుశీల్ పనిచేసేది టొరోవాలో. సముద్రాలు దాటే ఆల్బట్రాస్ పేరు పెట్టుకున్న జెట్ల సంస్థ. పెద్ద పిట్ట చిన్న పిట్టను కొన్నది, దాన్ని పత్రికలు విలీనం అన్నాయి. విలీనమంటే కలిసిపోవడమా, కరిగిపోవడమా? నిఘంటువు రెండింటికీ ఒప్పుకుంటుంది. ఇక మీద రెండు సంస్థల పైలట్లూ ఒకే వరుసలో నిలబడాలి. పైలటు బతుకంతా ఆ వరుసే. ఏ విమానం, ఏ ఊరు, ఎడమ సీటా కుడి సీటా, క్రిస్మస్ పూట ఇంట్లోనా హోటల్లోనా, అన్నీ తన ముందు ఎంతమంది నిలబడి ఉన్నారన్నదాన్ని బట్టే. చేరిన తేదీని బట్టి కలిపితే అతని పద్నాలుగేళ్ళు అతనివే. అలా కాక పివాకా వాళ్ళందరినీ టొరోవా వరుసకు అడుగున అతికిస్తే, పోయినేడు అక్కడ చేరిన కుర్రవాడి వెనక తాను నిలబడాలి; ఎంతో ఆలస్యంగా దక్కిన ఎడమ సీటు, కెప్టెన్ సీటు, దిగి మళ్ళీ కుడికి జరగాలి; పంపిన చోటికి పోవాలి; భార్య ఫ్లోరెన్స్ ఉద్యోగమూ, కూతురు షీనా బడీ, సముద్రపు గాలికి తుప్పు పట్టిన ఇంటి గేటూ, అన్నీ వదలాలి. టొరోవా పైలట్ల కమిటీ తరఫున సుశీల్ తెచ్చిన రాజీ ఈ రెంటికీ మధ్యది. వరుస చేరిన తేదీ ప్రకారమే. కాని ఐదేళ్ళ దాకా పివాకా వాళ్ళు జెట్ల వైపు రాకూడదు. ఈ అడ్డును ఇక్కడి పైలట్లు ఫెన్స్ అంటారు, సుశీల్ కంచె అన్నాడు. పివాకా తరఫున మాట్లాడే భారాన్ని తోటివాళ్ళు యెహెజ్కేలు మీద పెట్టారు. అతడు ఒప్పుకుంటే అది రెండు కమిటీల ఉమ్మడి మాటగా ఓటుకు పోతుంది. “విమానం ఎక్కేలోపు సరే అని ఒక మెసేజ్ పెట్టు, అంతే” అన్నాడు సుశీల్. అంతే. ఇంత చిన్న మాటను చివర తగిలించే మనిషి ఎంత పెద్ద దాన్ని దాస్తున్నట్టు?

హాలు చివర సుశీల్ ఇటు వీపు పెట్టి మాట్లాడుతున్నాడు. వీపెందుకు పెట్టాలి? కిటికీ అటే ఉంది కనుక. కిటికీలో చూడడానికి ఏముంది కనుక? యాభై ఎనిమిదేళ్ళ మనిషి, జుట్టంతా నెరిసినా మెడ వంగలేదు, ఆక్లండ్ శివారు హాబ్సన్‌విల్‌లో ఇల్లు, టొరోవా వరుసలో దాదాపు మొదట్లోనే చోటు. ఇక్కడి ఆకాశంలో అందరికీ యెహెజ్కేలు ఉత్త జీక్. పూర్తి పేరు పెట్టి పిలిచేది సుశీల్ ఒక్కడే, అదీ ఏ అక్షరాన్నీ నలగనివ్వకుండా. మొదట్లో ఆ పిలుపు వింటే సొంత గడప తొక్కినట్టుండేది. ఇవాళ అదే పిలుపు ఎవరో తన జేబులో చెయ్యి పెట్టి ఇంటి తాళంచెవి తీసుకున్నట్టుంది. పేరు సరిగ్గా పలకడం ప్రేమే కావచ్చు. బేరానికి ముందు సరుకును ఒకసారి తడిమి చూడడమూ కావచ్చు. సుశీల్ తల్లి బిమ్లా ఆంటీ ఈ ఊళ్ళోనే కేర్ హోమ్‌లో ఉంటుంది, అక్కడ నర్సు ఫ్లోరెన్స్. నిన్న సుశీల్ వచ్చింది తల్లిని చూడడానికే. అతడు తల్లిని ఈ ఊరి హోమ్‌లో చేర్చింది విలీనం మాట పుట్టకముందా, పుట్టిన తర్వాతా? ముందే. చాలా ముందే. అయినా ఆ లెక్క వేసుకున్నందుకు యెహెజ్కేలు సిగ్గుపడ్డాడు, సిగ్గుపడుతూనే లెక్క సరిచూసుకున్నాడు. పొద్దున ఫ్లోరెన్స్ యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ, “ఆయన వాళ్ళమ్మ కాలిగోళ్ళు తనే తీస్తాడు, తెలుసా? అట్టాంటి మనిషిని అనుమానిస్తన్నావు నువ్వు” అంది. “గోళ్ళు తీసేవాడు మోసం చెయ్యడా?” అన్నాడు తను. “నీకు మీటర్లు చూట్టం వచ్చు గాని మనుషుల్ని చూట్టం రాదబ్బా. ప్రార్థన చేసుకుని పో” అని ఆమె కారు తాళాలు తీసుకుంది. ఆమెకు మనిషి అంటే నాడి, ఉష్ణోగ్రత, తిన్నాడా లేదా. దేహం అబద్ధమాడదని ఆమె నమ్మకం. కాని తల్లి గోళ్ళు కొడుకు దేహం చెప్పే నిజం. కమిటీ బల్ల దగ్గర కూర్చునేది ఆ దేహం ఒక్కటే కాదు గదా. ఒకే మనిషి రెండు చోట్ల రెండు నిజాలు కావడానికి ఏ అడ్డూ లేదు. అడ్డు లేదని అతడికి ఎలా తెలుసు? తన్ను చూసుకునే.

ఫోను వణికింది. మహిధర్. పివాకాలోనే కో-పైలట్, వరంగల్ పిల్లవాడు, ఆక్లండ్ దగ్గర పాపకూరలో ఇంకో ఇద్దరితో కలిసి ఫ్లాట్‌లో ఉంటాడు. మొన్నమొన్న చేరినవాడు కనుక పివాకా వరుసలో చివరివాళ్ళలో ఒకడు.

“అన్నా, ఎక్కినవా?”

“ఇంకా లేదు. మంచు.”

“మంచో, మన నసీబో. ఆ కంచె ముచ్చట ఏమాయె?”

“ఐదేళ్ళంటున్నారు.”

“ఐదేండ్లు సరేనే. గేటు ఎవని చేతుల ఉంటదో అది చెప్పు. మా దిక్కు కంచె ఏస్తె బర్రె లోపల పడకుండ ఏస్తరు. ఈడ బర్రెలం మనమేనా?”

యెహెజ్కేలు నవ్వాడు.

“నవ్వకన్నా, నీ పుణ్యముంటది. పంకాలకు కొత్త బ్లేడ్లు ఆపిండ్రంట, హ్యాంగర్ల చెప్పుకుంటున్నరు. బర్రెను బయట కట్టేసి ఆ ఉన్న గడ్డి గూడ అమ్ముకుంటరేమో, జర చూస్కో. నువ్వు చెప్తె మేమందరం ఓటేస్తం, గదొక్కటి యాద్ పెట్టుకో.”

ఫోను పెట్టేశాక ఆ మాటలు అతనిలో వాటంతటవే బారులు తీరాయి. బర్రెలం మనమేనా అన్నప్పుడు తడుముకోకుండా మనం, ఓటేసేది మేము. రెండూ ఎక్కడ పడాలో అక్కడ పడ్డాయి. మహిధర్ భాషలో యెహెజ్కేలుకు ఒక కుర్చీ ఉంది, కావలసినప్పుడు దాన్ని కొంచెం అవతలికి జరపడమూ వాడికి వచ్చు. మరి సుశీల్ భాషలో? కంచే చేను మేస్తే అని సామెత. కాని ఇది అంతకంటే తెలివైన కంచె: తాను మేయదు, చేను అమ్ముడుపోయేదాకా కాపలా కాస్తుంది. ఈ ఐదేళ్ళ లోపల టొరోవా పంకాల విమానాలను వదిలించుకుంటే? వరుసలో పివాకా వాళ్ళ చోటు ఎక్కడిదక్కడే ఉంటుంది, తేదీలు చెక్కుచెదరవు. నడపడానికి విమానం ఉండదు, జెట్ల వైపు పోవడానికి దారి ఉండదు. వరుసలో చోటు, సీటు లేదు. దీనికి ఆధారం? బ్లేడ్లు ఆగాయి. పంకాల విమానపు శిక్షణ సిమ్యులేటర్‌ను ఎప్పుడూ మూడేళ్ళకు అద్దెకు తీసుకునేవాళ్ళు ఈసారి ఒక్క ఏడాదికే తీసుకున్నారు. పోయిన నెల సుశీల్ నవ్వుతూ, “ఆ పంకాలు ఎన్నాళ్ళు తిప్పుతావు భయ్యా, చెయ్యి నొప్పి పుట్టదా?” అన్నాడు. ఒక్కోటిగా చూస్తే ఒక్కోదానికీ ఒక అమాయకమైన జవాబు ఉంది. బ్లేడ్లు కొత్త యజమాని వచ్చేదాకా ఎవరైనా ఆపుతారు. సిమ్యులేటర్ కూడా అంతే. హాస్యం హాస్యమే. మూడు అమాయకమైన జవాబులు పక్కపక్కన నిలబడితే మాత్రం, ఎందుకో, అవి ముందే మాట్లాడుకుని వచ్చినట్టు కనిపిస్తాయి.

బందరు కాలేజీలో తర్కం చెప్పిన నారాయణ మాస్టారు ఈ జబ్బుకు మందు చెప్పాడు, మందు పేరు కూడా జబ్బు పేరే. అనుమానం. ఇంట్లో అనుమానమంటే శంక. తర్కంలో అనుమానమంటే జ్ఞానం. కొండ మీద పొగ ఉంది, కనుక నిప్పు ఉంది. తెలుగువాళ్ళు జ్ఞానానికీ రోగానికీ ఒకటే మాట ఎందుకు వాడుతున్నారో ఆలోచించండి నాయనా, అని ఆయన జేబురుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకునేవాడు. తరవాత మెల్లగా, ముందు అది పొగో మంచో తేల్చుకోండి. మంచును చూసి నిప్పుందని ఊరంతా లేపినవాడు తార్కికుడు కాడు, గాభరా మనిషి, అనేవాడు. అప్పుడు ఇరవయ్యేళ్ళ యెహెజ్కేలుకు అది పరీక్షలో రాసే ఉదాహరణ. ఇప్పుడు గాజుగోడకు అవతల దాన్ని రాశులు పోశారు. తేల్చుకోమన్నాడు మాస్టారు, తెలుగేమో రెంటినీ అతికించి పొగమంచు అని ఒకే ముద్ద చేసి చేతిలో పెట్టింది. నిప్పు కావాలనుకున్నవాడు ఆ మాటలో మొదటి సగం వింటాడు. నిద్ర కావాలనుకున్నవాడు రెండో సగం వింటాడు. తనకు ఏది కావాలి? ఎన్నాళ్ళుగానో నిద్రే కావాలి. అందుకే భయం, మంచు అని తొందరపడి తేల్చేస్తానేమోనని. 

మంచు అనడానికి సాక్ష్యమూ ఉంది. ఒక మధ్యాహ్నం ఫ్లోరెన్స్‌ను తీసుకురావడానికి హోమ్‌కు వెళ్ళినప్పుడు బిమ్లా ఆంటీ చక్రాల కుర్చీలోంచి ఫ్లోరెన్స్ చెయ్యి పట్టుకుని, “బేటీ, మేము తోటలోకి పోదాం” అంటోంది. కారెక్కిన తరవాత ఫ్లోరెన్స్ నవ్వు ఆపుకోలేకపోయింది. “నా చెయ్యి పట్టుకుని నాతోనే మేము పోదాం అంటది! నన్ను తోటకి తీసకపోతదా, గుమ్మంలో ఒదిలేసి పోతదా?” ఓడల్లో చెరకు కోతకు పోయినవాళ్ళ పిల్లల పిల్లలకు తెలుగు ఇంట్లోనే, హిందీ ఊరంతా. హిందీలో హమ్ ఒక్కటే, అందులో అందరూ పడతారు. ఆ ఒక్క మాట పక్కన రెండు మాటలు మోయడం బరువై, ఏదో తరంలో ఎవరో ‘మనం’ను దించేసి ఉంటారు. పారేయాలని కాదు, ఎక్కడ దించారో మరిచిపోయి ఉంటారు. అలాంటి తల్లి కొడుకు ‘మాకు’ అంటే తప్పు నాలుకది, మనసుది కాదు. ఇలా అనుకోగానే యెహెజ్కేలు భుజాలు వదులయ్యాయి. కాసేపే. మొన్న పాపకూర హాల్లో ఫిజీ తెలుగువాళ్ళ వేడుకలో మైకు పట్టుకుని, “మన భాష, మన పిల్లలు, మనం మరవకూడదు” అన్నది ఎవరు? సుశీలే. ‘మనం’ అన్న మాట ఇతనికి తెలుసు. తెలుసు, కాని మైకు ముందు మాట్లాడేది నేర్చుకున్న భాష. భుజం మీద చెయ్యి వేసినప్పుడు వచ్చేది తల్లి భాష. కావచ్చు. లేక మైకు ముందు మర్యాద, భుజం దగ్గర నిజమా? ఒకే సాక్షి రెండు వైపులా సాక్ష్యం చెబుతున్నాడు. ఆలోచన దిగడానికి అనుమతి రాని విమానంలా ఒకే వలయంలో తిరుగుతోంది, తిరిగిన కొద్దీ ఇంధనం తగ్గుతోంది, నేల మాత్రం ఎక్కడుందో అక్కడే.

ఇంతకూ తను ఏమన్నాడు? ఈ ప్రశ్న పక్కనుంచి వచ్చింది, పిలవని చుట్టంలా. పోయిన వారం పివాకా సిబ్బంది గదిలో కుర్రవాళ్ళు మూగినప్పుడు కంచె గురించి చెబుతూ, “వీ విల్ బీ ఫైన్” అన్నాడు. ఫ్రిజ్‌కు ఆనుకుని మహిధర్ నిలబడి ఉన్నాడు. అందరూ తలలూపారు. ఇంగ్లీషు దయగల భాష. ‘వీ’ అంటే లోపల ఎవరో, గడప బయట ఎవరో ఎవరూ అడగరు. ఆ ‘వీ’ని ఇప్పుడు తెలుగులోకి దించి చూశాడు. పంకాల విమానాలు ఒక్కసారిగా పోవు, ఒక్కొక్కటిగా తగ్గుతాయి. తగ్గినప్పుడు మొదట దిగేది వరుస చివరివాళ్ళు. పద్నాలుగేళ్ళ సర్వీసున్న కెప్టెన్ చిట్టచివరి విమానం దాకా ఎడమ సీట్లో కూర్చోవచ్చు, ఈలోపల ఐదేళ్ళూ గడిచిపోవచ్చు. ఫైన్ అయ్యేది ఎవరు? మనం కాదు. మేము కూడా కాదు, గట్టిగా అడిగితే. తరచి చూస్తే ఆ బహువచనంలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఒక అబద్ధం చెప్పినట్టు కూడా కాదు, అదే విచిత్రం. అన్నప్పుడు నిజంగానే అందరినీ తలుచుకునే అన్నాడు. చెప్పేవాడికి కూడా తన ‘మనం’లో ఎవరున్నారో తెలియకపోవచ్చునంటే, సుశీల్ మనసు తవ్వి ఏం లాభం? అక్కడ కూడా సుశీల్‌కు తెలియని ఒక మూల ఉంటుంది. ఆ మూలలో ఏమున్నదో తేలేదాకా ఆగితే మంచు లేస్తుంది, విమానం వస్తుంది, ‘సరే’ అన్న మాట ఎవరి వేలితోనో వెళ్ళిపోతుంది.

గాలిలో తను ఇలా ఉండడే! కంట్రోలర్ చెప్పిన ఎత్తు సరిగ్గా వినపడకపోతే ‘సే అగైన్’ అంటాడు. విన్నా సరే, విన్నదాన్ని తిరిగి చెబుతాడు. నన్ను నమ్మవా అని ఏ కంట్రోలరూ నొచ్చుకోడు. వినకుండా తలూపేవాడే అక్కడ అందరికీ ప్రమాదం. గాలిలో అనుమానం మర్యాద. నేల మీదికి దిగేసరికి అదే అవమానం. ఈ తేడా ఎవరు పెట్టారు? ఆకాశంలో మాట తప్పితే కొండ తగులుతుంది, అందుకని అడుగుతారు. ఇక్కడ తగిలేది మహిధర్ లాంటివాళ్ళకు గనుక, అదీ నిదానంగా గనుక, మర్యాద పాటిస్తున్నాడు తను. సుశీల్ ఏ ఉద్దేశంతో అన్నాడో తెలుసుకోవలసిన పని లేదు. మాకును మనకుగా చేసేది సుశీల్ హృదయం కాదు, ఒక షరతు. అది పెడితే, ఆ మనిషి మంచివాడైతే ఏమీ పోదు; కాకపోతే పోయేది ఆగుతుంది. ఇంత చిన్న సంగతికి ఇంతసేపు ఒక మనిషి ఆత్మను విచారణకు నిలబెట్టాడు.

మంచులో ఎక్కడో పసుపు దీపం ఒకటి తేలింది, దాని పక్కన ఇంకొకటి. సుశీల్ ఫోను జేబులో వేసుకుంటూ వచ్చి ఎదుటి కుర్చీ లాక్కున్నాడు.

“చల్ భయ్యా, లేస్తోంది. మెసేజ్ పెట్టేశావా?”

“లేదన్నా. ఒక మాట కలపాలి. పంకాల విమానాల్లో ఒక్కటి తగ్గినా ఆ రోజే కంచె పడిపోవాలి. ఐదేళ్ళు నిండినా నిండకపోయినా. వరుసలో చివరివాడి దాకా, అందరికీ.”

సుశీల్ కళ్ళు చిన్నవయ్యాయి. “ఇప్పుడా? జెట్ల దిక్కు ఒక్కడు ఒప్పుకోడు యార్. వాళ్ళకు ఈ కంచె చూపించే ఇక్కడి దాకా లాగాను.”

“ఒప్పుకోకపోతే మా వైపు నుంచి సరే రాదు.”

“అరే, ఆ పంకాలు ఎవరు అమ్ముతున్నారు? నీకు ఎవరు చెప్పారు?”

“ఎవరూ అమ్మకపోతే ఈ మాట వల్ల ఎవరికీ నష్టం లేదు కదన్నా.”

సుశీల్ చక్కెర పొట్లాన్ని చింపకుండా వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పాడు. బయట విమానం చప్పుడు వినిపించి పెద్దదైంది.

“అమ్మను మీ చేతుల్లో పెట్టాను నేను. నువ్వు నన్ను నమ్మవా, యెహెజ్కేలూ?”

“నమ్మకపోతే మీరు అటు తిరిగాక రాసేవాణ్ణి. మీ ముందే రాస్తున్నాను, చూడండి.”

ఫోను తీశాడు. రెండు వాక్యాలు, ఇంగ్లీషులోనే: ఒకటి షరతు, ఒకటి ఆ షరతు మీద సరే. ‘వీ’ అన్న మాట వచ్చిన చోటల్లా దాన్ని కొట్టేసి, రెండు సంస్థల పైలట్లందరూ అని పూర్తిగా రాశాడు. ఫోనును బల్ల మీద అటు తిప్పి పెట్టాడు. సుశీల్ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, పెదవులు కదిలిస్తూ చదివాడు. చదవడం అయ్యేదాకా యెహెజ్కేలు ఆగాడు. ఆయన ముఖాన్ని చదవడానికి మాత్రం ప్రయత్నించలేదు. ఫోను తన వైపు తిప్పుకుని, రెండు కమిటీలకూ కలిపి పంపాడు.